సాపు ప్రతి

"పొయ్యిల ఏం పెట్టిన్రు మామయ్యా?"

దేవానందం గారు అద్దం మీంచి చూపు తిప్పలేదు. చెంప మీద సబ్బు నురుగు, చేతిలో కత్తి.

"ఏముందమ్మా, నాలుగు పుల్లలు, కాస్త చిత్తు. ఈ ముసురుకి కట్టెలు అంటుకుంటేనా!"

పెరట్లో నీళ్ల పొయ్యి ముందు రూతు గొంతుక్కూర్చుని ఉంది. రెండు వారాల తర్వాత ఊరినుంచి వచ్చి ఇంకా చీరైనా మార్చుకోలేదు. తల్లి లూర్దమ్మ పోయిన నలభయ్యోనాటి పూజ చెప్పించి, ఉప్పల్‌లో బస్సు దిగి, నాచారందాకా తడుస్తూ నడిచి వచ్చింది. వేణ్ణీళ్లు తోడుకోబోయి బూడిదలో ఒక అట్టముక్కను చూసింది.

మూడు వైపులా కాలిపోయింది. మిగిలిన మూలన తన చేతిరాత. 'వంట. ఇంటిమాట.' దాని కింద ఉండవలసిన వాక్యం లేదు.

"ఇది చిత్తు కాదు మామయ్యా. నా కార్డు."

కత్తి ఆగింది.

"అవేనమ్మా. సాపు అయిపోయిందిగా. నువ్వొచ్చాక నెమ్మదిగా చూపిద్దామనుకున్నాను. ముందు కాస్త కాఫీ తాగు..."

"అన్నీ కాల్చిన్రా?"

ఆయన కత్తి అద్దం పక్కన పెట్టారు. సగం గీసిన గడ్డాన్ని తువ్వాలుతో తుడుచుకున్నారు.

ఆమె భర్త సంజీవరావు ఖాకీ చొక్కాకు బొత్తాలు పెట్టుకుంటూ లోపలినుంచి వచ్చాడు. మొదటి షిఫ్టుకు వెళ్లే తొందరలో ఉన్నాడు.

"ఏంటి, వచ్చీ రాగానే? ఏమైంది నాన్నా?"

రూతు లేచి నిలబడింది. అట్టముక్క వేళ్ల మధ్యే ఉంది.

"మా అమ్మను పొయ్యిల వెట్టిన్రు," అంది.

కాగులో నీళ్లు మరుగుతున్నాయి.

ఆరేళ్లుగా రూతు బడి వదిలాక, సెలవుల్లో, ఆదివారం పూజ అయ్యాక చేసిన పని ఆ కార్డుల్లో ఉంది. సంజీవరావు ప్యాకింగ్ సెక్షన్ నుంచి తెచ్చిన అట్టలను ఆమే కత్తిరించేది. ఉప్పల్ తోటలనుంచి వచ్చిన ద్రాక్షపండ్ల పెట్టెలో వాటిని వరసగా నిలబెట్టేది. ఒక్కో కార్డు మీద తల్లి నోటినుంచి వచ్చిన ఒక మాట, ఆ మాటతో ఆమె అన్న వాక్యం. కలుపు తీస్తూ పెరిగి, మిషన్ హాస్టల్లో వంటమనిషిగా ముసలిదైన లూర్దమ్మకు చదువు రాదు. కూతురు రాసుకుంటూంటే ఆమెకు నవ్వొచ్చేది. "నేను తిట్టేది గూడ రాస్తవా?" అనేది. రూతు అది కూడా రాసింది.

'ఒక తెలంగాణ స్త్రీ నోటి భాష.' యూనివర్సిటీలో రూతు రిజిస్టరు చేయించుకున్న విషయం అది. ఆ సిద్ధాంత గ్రంథం అందజేస్తే ఉప్పల్‌లో కొత్తగా పెట్టిన ఆడపిల్లల కాలేజీలో తెలుగు లెక్చరర్ ఉద్యోగం వస్తుంది. ఇప్పుడున్న బడిలో ప్రతి వేసవిలోనూ ఆమెను తీసేసి, తెరిచాక మళ్లీ పిలుస్తారు. ఒక్కోసారి పిలవడం మరిచిపోతారు.

దేవానందం గారు లోపలికి వెళ్లి గోధుమరంగు కాగితం అట్ట వేసిన కట్ట ఒకటి తెచ్చారు. ఎర్రదారంతో కుట్టారు. రెండు చేతులతో పట్టుకుని కోడలి ముందుకు చాచారు. ఆమె అందుకోలేదు.

"నువ్వే కదమ్మా చెప్పి వెళ్లావు. గుమ్మంలో నిలబడి, సంచీ చేత్తో పట్టుకుని... 'కార్డులు జర సాపు చేసి పెట్టండి మామయ్యా' అని."

రూతుకు గుర్తొచ్చింది. అన్నది. సరిగ్గా ఆ మాటే అన్నది.

"పెట్టెకు చెమ్మ వట్టింది మామయ్యా. పురుగు దిరుగుతుంది. దులిపి సాపు జెయ్యమన్న. ఇల్లు సాపు జేసినట్టు. గిన్నె సాపు జేసినట్టు."

"సాపు అంటే శుద్ధప్రతి కదమ్మా." ఆయన చేతుల్లో కట్ట అలాగే ఉంది. "మా వైపు దానికి ఇంకో అర్థం లేదు. నాలుగు దశాబ్దాలు పిల్లలకి అదే చెప్పాను. సాపు రాశాక చిత్తు ఇంట్లో ఉండకూడదు. ఉంటే ఏది అసలో తెలియక ప్రెస్సువాడు తప్పులున్నదే అచ్చు వేస్తాడు."

రేపల్లె దగ్గర మిషన్ హైస్కూల్లో తెలుగు పండితుడిగా పనిచేసి, భార్య పోయాక కొడుకు దగ్గరికి వచ్చిన మనిషి ఆయన. ఇంట్లో పాలవాడి లెక్క కూడా వ్యాకరణం తప్పకుండా రాసేవారు.

రూతు కట్ట విప్పింది. చక్కటి దస్తూరీ. ఎక్కడా కొట్టివేత లేదు. ఒక వాక్యం దగ్గర ఆమె వేలు ఆగింది.

"'నేను అప్పుడే వంట చేసితిని.' మా అమ్మ చేసితిని అంటదా? జన్మల ఎన్నడన్న అన్నదా మామయ్యా?"

"అర్థం మారలేదమ్మా. తప్పులు మాత్రమే దిద్దాను."

"తప్పులు గావవి. నాకు గావాల్సింది గవే!"

"అరవకు రూతూ, గోడ అవతల తారామణి ఉంది," అన్నాడు సంజీవరావు. "సరే, పోయిందేదో పోయింది. మళ్లీ రాసుకోవచ్చుగా? మీ పిన్ని ఉంది. మీ ఊళ్లో అంతమంది ఆడవాళ్లున్నారు."

"నేను రాసింది ఊరి భాష కాదండీ. ఒక్క మనిషి భాష."

ఆ మనిషి పోయి నలభై రోజులైంది.

సంజీవరావు గొంతు తగ్గించాడు. "ఒక్కటి మాత్రం విను. ఇది బయట ఎక్కడా అనకు. గొడవలు సద్దుమణిగి ఎన్నాళ్లయింది? ఆంధ్రా ముసలాయన తెలంగాణ మాటలు పొయ్యిలో పెట్టాడంటే ఈ వీధిలో నాన్న తలెత్తుకు తిరగగలడా?"

"మీకు గా ఫికరొక్కటే వచ్చిందా?"

"నాకు ఇద్దరి ఫికరూ ఉంది. ఎవరి వైపు మాట్లాడినా రెండోవాళ్లు చచ్చిపోతారు. నన్నేం చేయమంటావు?"

ఫ్యాక్టరీ సైరన్ మోగింది. సంజీవరావు చెప్పులు వేసుకున్నాడు. టిఫిన్ డబ్బా మరిచిపోయాడు. రూతు అందించలేదు. దేవానందం గారు అందించబోయి, ఏ చేతిలో ఏముందో తెలియనట్టు, అద్దం దగ్గరున్న గడ్డం కత్తిని తీసి చాచారు.

మామూలు రోజైతే ముగ్గురూ నవ్వేవారు.

*

యూనివర్సిటీలో రూతు గైడు నరసింహమూర్తి గారు కట్టను ముక్కుకు దగ్గరగా పెట్టుకుని చూశారు.

"ఎవరిదమ్మా ఈ దస్తూరీ? ముత్యాల్లా ఉంది."

"మా మామయ్యగారిదండీ."

రెండు పేజీలు తిప్పేదాకా ఆయన ముఖంలో మెచ్చుకోలు ఉంది. మూడో పేజీలో నెమ్మదించారు. కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు.

"ఇది లూర్దమ్మగారి మాట కాదే!"

ఆయన లూర్దమ్మను ఒక్కసారే చూశారు. రూతు తల్లిని వెంటబెట్టుకుని ఈ గదికే తీసుకొచ్చింది. లూర్దమ్మ కుర్చీలో కూర్చోకుండా, పుస్తకాల బీరువాలను చూసి, "గిన్ని సదివినోనివి, నా మాట రాసుకుంటే నీకేమొస్తది సారూ?" అని అడిగింది. ఆయన పగలబడి నవ్వి, "నాకేం రాదమ్మా, మీ అమ్మాయికి ఉద్యోగం వస్తుంది," అన్నారు. ఆనాటినుంచి ఆమె అడగకుండానే మాట్లాడేది.

రూతు జరిగినదంతా చెప్పింది. కంప్లయింటులా చెప్పలేదు. మామగారిది తప్పని ఒక్కసారి కూడా అనలేదు. సాపు అనే మాట దగ్గర మాత్రం కొంచెం ఆగింది.

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు.

"కాలేజీ సెక్రటరీ రామచంద్రరావు గారు మళ్లీ మనిషిని పంపించారు. శనివారానికి నీ థీసిస్ అందిందని నేను రాసివ్వాలి. లేకపోతే వాళ్లు ఇంకొకరిని తీసుకుంటారు. ఆపమని అడిగాను. కుదరదన్నారు."

"కార్డులు పోయినయని రాసిస్తే?"

"ఆధారం లేకుండా ఆ విషయం ఎలా నిలుస్తుంది? మళ్లీ రిజిస్ట్రేషన్. మళ్లీ కొత్త విషయం. ఉద్యోగం అందాకా కూర్చోదు కదమ్మా."

"ఇదే ఇస్తే?"

"పరీక్షకులు మెచ్చుకుంటారు. నాకు అదే భయం." కట్టను ఆమె వైపు జరిపారు. "వాళ్లలో ఎవరూ మీ అమ్మగారిని వినలేదు. విన్నవాళ్లం నువ్వూ నేనూ. నేను విన్నది ఒక్క పూట."

వరండాలో ఎవరో గొడుగు దులుపుతున్నారు.

"ఒక పని చెయ్యి," అన్నారు చివరికి. "వాక్యాలు ఎక్కడికీ పోలేదు. వేషం మారింది, అంతే. కూర్చుని తిరగరాయి. ఇది చూస్తే నీకు అది గుర్తురాదా? నీ తల్లి భాష. నీకు రాకపోతే ఇంకెవరికి వస్తుంది?"

ఆ మాట పట్టుకునే రూతు బస్సెక్కింది. లాలాపేట్ మలుపు దాటేవరకు కట్టను పైట కింద తడవకుండా పట్టుకుంది. కిటికీ పక్కన కూర్చుని ఒక వాక్యం మనసులో తిప్పి చూసింది. వచ్చింది. ఇంకొకటి తిప్పింది. అదీ వచ్చింది. పొద్దున్నుంచి మొదటిసారి ఆమెకు ఆకలి వేసింది.

*

గేటు తీస్తూండగానే పక్కింటి తారామణి గోడమీదినుంచి తల ఎత్తింది.

"పంతులమ్మా, మీ మామకు ఏమైందే? పొద్దటిసంది బువ్వ ముట్టలే. నేను పచ్చిపులుసు ఇస్తే గిన్నె ఎనుకకు పంపిండు. మూతి సూస్తే పరీక్ష తప్పిన పోరని లెక్కనే ఉన్నది."

"ఏం లేదు తారామణి. జర ఒంట్లో బాగలేదు."

"ఒంట్లనా, ఇంట్లనా?"

రూతు నవ్వబోయి లోపలికి వెళ్లింది.

దేవానందం గారు తన మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నారు. సగం గీసిన గడ్డం అలాగే ఉంది. ఆమె కంచంలో అన్నం పెట్టి తెచ్చింది. పక్కన తెల్లకాగితాల దస్తా, సిరాబుడ్డి పెట్టింది.

"తినుండ్రి మామయ్యా. తిని రాద్దాం. మీరు చదవండి, నేను అమ్మ మాటల్లో చెప్త. చెప్పింది చెప్పినట్టు రాయాలె. దిద్దొద్దు."

ఆయన ఆమె ముఖంలోకి చూశారు. నాలుగు ముద్దలు తిన్నారు. చేయి కడుక్కుని వచ్చి కళ్లజోడు పెట్టుకున్నారు.

"అకారంతో మొదలు. 'అమ్మాయీ, అన్నము తిని వెళ్ళుము.'"

"బిడ్డా, బువ్వ తిని పో."

వెంటనే వచ్చింది. ఆయన కలం 'బువ్వ' దగ్గర ఆగింది.

"మీ పెళ్లిలో," అన్నారు తల ఎత్తకుండా. "మావాళ్లు భోజనాలకి కూర్చున్నప్పుడు, మీ అమ్మ, వదినగారు, వరస వెంట తిరిగి 'బువ్వ తినున్రి, బువ్వ తినున్రి' అన్నారు. మా వైపు బువ్వ అని చంటిపిల్లలతో అంటాం. మా తమ్ముళ్లు నోళ్లు తెరిచి పెట్టమన్నట్టు చూపించారు. పంక్తి అంతా నవ్వింది. ఆవిడకి ఎందుకు నవ్వారో తెలియలేదు. ఆవిడా నవ్వారు."

రూతుకు ఆ నవ్వు గుర్తుంది. కారణం ఇన్నాళ్లూ తెలియదు.

"నేను వాళ్లని ఆపలేదమ్మా. ఇప్పుడు ఈ పుస్తకం పెద్దవాళ్ల ముందుకు వెళుతుంది. మళ్లీ ఎవరైనా ఆవిడని చూసి నవ్వుతారేమోనని..."

రూతు తనలో కోపం కోసం వెతుక్కుంది. కోపం ఉండవలసిన చోట ఏమీ దొరకలేదు.

"రాయండి," అంది.

ఇద్దరూ కలిసి పేజీ తిప్పారు. కొన్ని తేలిగ్గా వచ్చాయి. కొన్నిటికి ఆమె కళ్లు మూసుకోవలసి వచ్చింది. చకారం దగ్గర చూడు, చెట్టు, చెయ్యి, చేను వరుసగా వచ్చాయి.

"ఇవన్నీ ఇక్కడెందుకున్నయి మామయ్యా? అమ్మ సెట్టు అంటది, సేను అంటది. నేను 'స'ల పెట్టిన."

దేవానందం గారు కలం కింద పెట్టారు. దిండు కిందికి చేయి పోనిచ్చి, నూలుదారం చుట్టిన చిన్న కట్ట తీసి ఆమె ఒళ్లో పెట్టారు. అట్టముక్కలు. కాలనివి.

"'స'లోకి వచ్చాక ఒక కార్డు కనబడింది. 'సాపు. శుభ్రం చేయు. ఇల్లు సాపు జేసిన, కాళ్లు గడుక్కుని రా.' అప్పుడు తెలిసింది, నువ్వేమన్నావో. అక్కడ ఆపేశాను. అప్పటికి ముందరివన్నీ కాలిపోయాయి. పొద్దున అది చెప్పడానికి నాకు నోరు రాలేదు."

"ఇవి గింత సన్నగున్నయేంది?" ఆమె వేళ్లతో కట్ట మందం చూసింది. "'స'లనే ఎక్కువ ఉండాలె."

"చెట్టు, చేను... పొరపాటున 'స'లో పెట్టావనుకున్నాను. మొదట్లోనే తీసి 'చ'లో సర్దాను."

'చ' ఎప్పుడో పొయ్యిలోకి పోయింది.

ఆమె ఆ చిన్న కట్టను కొంగులో పెట్టుకుని ముడి వేసింది. ఆయన మళ్లీ కలం తీసుకున్నారు. ఇంకేం చేయాలో ఇద్దరికీ తెలియలేదు కాబట్టి, ఒక్కో పేజీ తిప్పుతూ బకారం దాకా వచ్చారు.

"'వర్షము వచ్చుచున్నది. బట్టలు తీసికొని రమ్ము.'"

రూతు కళ్లు మూసుకుంది. హాస్టల్ వెనక దండెం కనిపించింది. పిల్లల దుప్పట్లు కనిపించాయి. అమ్మ చేతిలో గరిటె, నడుముకు దోపిన కొంగు. మబ్బువైపు చూసి కేక వేస్తోంది. పెదాలు కదులుతున్నాయి.

"వానొస్తుంది..." అంది రూతు. తల అడ్డంగా ఊపింది. "కాదు. ఆనొస్తుంది అనేదా? మొగులైంది అనేదా? బట్టలు తీస్కరా... గుంజుకరా..."

"నెమ్మదిగా అమ్మా. తొందరేం లేదు."

"అమ్మ వాన అంటదా, ఆన అంటదా మామయ్యా?"

అడిగాక, ఎవరిని అడిగిందో ఆమెకు తెలిసింది. ఆయన పాపం నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించారు. నుదురు ముడివేశారు.

"నేను చూసి రాశాను కానీ... దిద్దుకుంటూ రాశాను. దిద్దిందే గుర్తుంది."

రూతు మళ్లీ కళ్లు మూసుకుంది. బడిలో ఇన్నేళ్లుగా తను పిల్లలకు చెబుతున్నది వాన. నోట్సుల్లో ఎర్రసిరాతో 'ఆన' కొట్టేసి పైన రాసింది వాన. అమ్మ పెదాలు కదులుతూనే ఉన్నాయి. వాటిలోనుంచి ఆమెకు వినిపిస్తున్నది ఎదురుగా ఉన్న పేజీలోని వాక్యమే.

బయట చినుకులు మొదలయ్యాయి. రేకుల మీద చప్పుడు. గోడ అవతలినుంచి తారామణి గొంతు ఖంగుమంది.

"రూతక్కా! ఆనొస్తుందే! దండెం మీది బట్టలు గుంజుకో, తడుస్తున్నయి!"

దేవానందం గారి ముఖం వికసించింది. కలం సిరాలో ముంచి గబగబా రాశారు. "ఆ... నొ... స్తుం... ది. అవునా అమ్మా? ఇదేనా?"

"అది తారామణి మాట మామయ్యా."

కలం ఆగింది.

"రాసేశాను," అన్నారు ఆయన. "కొట్టేయమంటావా?"

తడి సిరా దీపం వెలుతురులో మెరుస్తోంది. కిందనే ఇంకా ఎన్నో వాక్యాలున్నాయి. వాటి వెనక ఇంకా ఎన్నో పేజీలున్నాయి. గోడ అవతల తారామణి మళ్లీ పిలిచింది.

రూతు బట్టల కోసం లేవలేదు. కొట్టేయమనీ చెప్పలేదు.

దేవానందం గారు ఆ వాక్యం మీద అద్దుడు కాగితం అద్దారు.